కార్డు మీద తేదీ, మనిషి మీద తేదీ

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా తాడిపత్రిలో అందరూ అడిగేది ఒకటే, సముద్రం ఎట్లుంది అని. సముద్రం బాగానే ఉంది. నీళ్ళున్నాయి, చాలా ఉన్నాయి. కానీ ఆ నాలుగు రోజుల్లో నన్ను హడలగొట్టింది సముద్రం కాదు, రెండు కాగితాలు. ముప్పై ఏళ్ళుగా రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల షెడ్డులో కూర్చుని దస్తావేజులు రాసే మనిషిని నేను. కాగితం చూసి చెమటలు పట్టే రోజు నాకూ వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

నన్ను పిలిచింది రమణమ్మ. ఆరేళ్ళ కిందట తిరుమల క్యూలో, ఒకే కంపార్ట్‌మెంటులో పద్నాలుగు గంటలు పక్కపక్కన కూర్చున్నాం. ఆమె పులిహోర నాకు పెట్టింది, నా నిప్పట్లు ఆమె తిన్నది. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఫోను. మొదటిసారి నన్ను 'అప్పా' అన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. మా వైపు అప్ప అంటే నాన్న. వాళ్ళు అక్కని అలా పిలుస్తారట. ఆ పిలుపుకి అలవాటు పడడానికి నాకు ఏడాది పట్టింది.

పోయిన నెల ఫోను చేసి, "అప్పా, మేం కెనడా ఎల్లిపోతన్నాం. ముందు ఆయన, పది రోజులెనకాల నానూ పాపా. పర్మినెంటుగా! ఎల్లేలోపు ఓపాలి మా ఇల్లు సూసిపో" అంది. ఆ గొంతులో సంతోషం విని, షెడ్డుకి నాలుగు రోజులు తాళం వేసి రైలెక్కేశాను.

స్టేషన్ బయట

రైలు దిగగానే ఉక్కపోత మీద పడింది. మా ఊళ్ళో ఎండ నెత్తి మీద కొట్టి వదిలేస్తుంది. ఇక్కడ గాలి ఒంటికి అంటుకుని వదలదు. శుక్రవారం ఉతికి ఆరేసిన చీర శనివారం పొద్దుటికి కూడా ఆరలేదంటే మా వాళ్ళు ఇంకా నమ్మడం లేదు.

ఉక్కునగరం వెళ్ళాలన్నాను ఆటో ఆయనతో. సెక్టారు అడిగాడు, చెప్పాను. తర్వాత అద్దంలో నన్నే చూస్తూ, "పర్మినెంటోళ్ళింటికా, కాంట్రాక్టోళ్ళింటికా?" అన్నాడు.

నేను నోరెళ్ళబెట్టాను. మా వైపు కొత్త మనిషి కనిపిస్తే ఎవరి తాలూకు అని అడుగుతారు. ఇదేం ప్రశ్న?

"అలా సూత్తావేటమ్మా? కాంట్రాక్టోళ్ళకి క్వార్టరుండదు కదా, బైట ఊళ్ళల్లో ఉంటారు. మల్లీ అటూ ఇటూ తిప్పడమెందుకని అడిగినాను."

మనుషుల్ని రెండు రకాలుగా విడదీసే ఆ మాట నాకు ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు వినపడిందో చెప్పలేను. ఇల్లు వెతికేటప్పుడు అదే, పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అదే, ఆఖరికి కూరగాయల దగ్గర పలకరింపులోనూ అదే.

ఖాళీ ఇల్లు

ఉక్కునగరం నాకు నచ్చింది. వెడల్పాటి రోడ్లు, చెట్లు, ఒకే పోలికలో ఉన్న ఇళ్ళు, షిఫ్టు బస్సు కోసం టిఫిన్ డబ్బాలతో నిలబడ్డ మనుషులు. ఆ ప్రశాంతత అంతా రమణమ్మ గుమ్మం దాకానే. లోపల అడుగు పెట్టి చూస్తే, ఇల్లు ఖాళీ! మంచం లేదు, బీరువా లేదు, వంటింట్లో గ్రైండరు ఉండాల్సిన చోట గుండ్రటి మరక మాత్రం ఉంది.

"ఒలమ్మో, అప్పా! రా రా!" అంటూ రమణమ్మ ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ లాగింది. "గ్రైండరు జానకి వోలింట్లో ఇచ్చేసినాను. బీరువా పైనింటోళ్ళకి. ఇయ్యన్నీ అక్కడికేటి మోత్తాం?"

గోడలకి మేకులే మిగిలాయి. ఒక్క మేకుకి మాత్రం, క్యాలెండరు ఉండాల్సిన చోట, లామినేషన్ చేయించిన ఇంగ్లీషు ఉత్తరం వేలాడుతోంది. కెనడాలో లారీల ట్రైలర్లు తయారుచేసే ఒక షెడ్డువాళ్ళు రమణమ్మ భర్త అప్పలనాయుడికి వెల్డరు ఉద్యోగం ఇస్తూ రాసింది. ఉద్యోగం పూర్తికాలపుది, పర్మినెంటు అని అందులో ఉంది. ఆ మాట కింద ఎర్ర గీత గీశారు.

సాయంత్రం అప్పలనాయుడు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ముగించుకుని వచ్చాడు. నలభై నాలుగేళ్ళ మనిషి. తగరపువలస అవతల పల్లె, వ్యవసాయ కుటుంబం. నెమ్మదిగా మాట్లాడతాడు, కానీ ఈ ఉద్యోగం సంగతి ఎత్తితే ఆగడు.

"తొమ్మిదేళ్ళు కాంట్రాక్టులో సేసినానమ్మా. ఏటేటా గేటు పాసు మీద డేటు మార్పించుకోడమే. డేటైపోయిందంటే గేటు కాడ ఆపేసేవోరు. పర్మినెంటయినాక సూడు, క్వార్టరొచ్చింది, పాపకి స్కూలొచ్చింది, మాయమ్మకి ఆస్పత్రొచ్చింది. ఉజ్జోగం పర్మినెంటయితే మిగతాయన్నీ దానెనకాలే వచ్చేత్తాయి."

రాజీనామా ఇచ్చి మూడు వారాలయిందట. సోమవారం దాని మీద ఆమోదం సంతకం పడుతుంది, ఆ పై వారం విమానం. వాళ్ళమ్మాయి శ్రావణి పదో తరగతిలోకి వచ్చింది. స్కూల్లో టీసీ కూడా తీసేసుకున్నారు. ఆ పిల్ల సర్దిన సూట్‌కేసు మీద కూర్చుని, ఆ కెనడా ఊళ్ళో ఇప్పుడు ఎంత చలిగా ఉందో ఫోనులో చూసి నాకు చెప్పింది. "ఇదంతా దీని కోసమే. నాను పదితో ఆపేసినాను, ఇది అక్కడ సదువుకోవాల" అన్నాడు నాయుడు.

అంతలో పక్కింటి జానకి పాలగిన్నెతో వచ్చింది. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. జానకి కెనడాలోనే ముసలివాళ్ళని చూసుకునే చోట పనిచేస్తుంది, సెలవుకి వచ్చింది. ఆ అమ్మాయి గడప దాటగానే రమణమ్మ గొంతు తగ్గించి, "పాపం అప్పా, దానిది డేటున్న కార్డు. ఐదేళ్ళే. పనీ అంతే, గంటల లెక్కన. కాంట్రాక్టే" అంది. సెక్టారంతా ఆ పిల్ల మీద జాలిపడుతోందని నాకు అప్పుడే అర్థమైంది.

ఫిషింగ్ హార్బర్

శనివారం తెల్లవారకముందే నాయుడు మమ్మల్ని చేపలకి తీసుకెళ్ళాడు. మర్నాటి విందుకి. నేను సంతలు చూడనిదాన్ని కాను, కానీ ఇంత వేగం ఎక్కడా చూడలేదు. పడవలోంచి గంప దిగడం, వేలంపాట మొదలవడం, అయిపోవడం, గంప మాయమవడం. నేను ముక్కు మూసుకున్న చేయి తీసేలోపు నాలుగు గంపలు అమ్ముడయిపోయాయి.

అక్కడ ఆడవాళ్ళదే రాజ్యం. "ఏటి తల్లీ, సేపని ఎప్పుడూ సూల్లేదేటి? అడ్డు లెగు!" అని ఒకామె నన్ను భుజంతో పక్కకి నెట్టేసింది. రమణమ్మ కోనాం బేరం ఆడింది. నా చెయ్యి పొడుగు చేప. మా వైపు చెరువు ఎండినప్పుడు దొరికే పరకలు తిన్న మనిషిని, దాని ధర వినగానే రెండడుగులు వెనక్కి వేశాను. రమణమ్మ మాత్రం సగానికి అడిగి, ముప్పావుకి తెచ్చింది.

వెనక్కి వస్తూ పోర్టు గోడ పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం. టీ పదిహేను రూపాయలు, గ్లాసు మా ఊరి దాంట్లో సగం. అక్కడ ఒక విదేశీ మనిషి ఇడ్లీ తింటున్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తొంగి చూస్తోంది, అందులో చీటీ. నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాడు.

"ఓడోళ్ళమ్మా" అంది టీ కొట్టు ఆమె. "ఆ సీటీ సూపిత్తే గేటు బైటికి ఒగ్గుతారు. టయానికి మల్లీ ఓడెక్కీయాల."

ఎక్కకపోతే? అన్నాను.

"ఎక్కకపోతే ఏటి? పోలీసులే."

మన నేల మీద నిలబడి మన ఇడ్లీ తింటున్న మనిషికి ఇక్కడ ఉండే హక్కు సాయంత్రం దాకానే అంటే నాకు ఒళ్ళు జలదరించింది. నాయుడు అతన్ని జాలిగా చూశాడు. "పాపం, ఎంత కట్టమో సూడమ్మా. జేబులో కాయితం ముక్క మీద బతుకు" అన్నాడు. ఆ మాట అతను అన్నప్పుడు నేనూ తలూపాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆదివారం విందు

కోనాం పులుసు, నెత్తళ్ళ వేపుడు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఆ ఆవ ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కి కళ్ళంట నీళ్ళు తెప్పించింది. కారానికి పుట్టిల్లు మాదే అని ఇన్నాళ్ళూ విర్రవీగాను. ఇంటి నిండా జనం. గోడ వారగా నలభై మాడుగుల హల్వా పెట్టెలు పేర్చారు. ఆ టౌన్‌షిప్పులో ఒక ఆచారం ఉంది. ఎవరు పర్మినెంటయినా సెక్టారులో ఇంటింటికీ స్వీటు పంచాలి. పెళ్ళికి పంచకపోయినా ఊరుకుంటారట, దీనికి మాత్రం ఊరుకోరట.

మేకుకున్న ఉత్తరం దించి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిప్పుతున్నారు, శుభలేఖ చూసినట్టు. "మా నాయుడు బావ రెండోపాలి పర్మినెంటయినాడ్రా!" అని ఎవరో అరిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఉత్తరం నా దగ్గరికి వచ్చింది. ఏ దస్తావేజైనా షరతుల పేజీ చూడందే నాకు అన్నం సయించదు. "నాయుడూ, ఇది ఉద్యోగం ఇచ్చినోళ్ళు రాసింది కదా. సర్కారోళ్ళు ఇచ్చిన వీసా కాగితం యాడుంది?" అన్నాను.

"అదేటుందమ్మా, అది గేటు పాసు లాంటిదే కదా" అంటూ సూట్‌కేసు అడుగు నుంచి తీశాడు. దానికి లామినేషన్ లేదు.

నిలబడే చదివాను. ఒకసారి చదివి నమ్మలేక, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. తాత్కాలిక పనివాడు. ఫలానా యజమాని దగ్గర తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. రెండేళ్ళ తర్వాత ఫలానా తేదీ. ఇచ్చిన గడువు ముగిసేలోపు దేశం విడిచి వెళ్ళాలి. పోర్టు గోడ పక్కన ఇడ్లీ తిన్న మనిషి జేబులో చీటీ కళ్ళ ముందు కదిలింది. అతనికి సాయంత్రం దాకా, ఇతనికి రెండేళ్ళ దాకా. తేడా అంతే!

"నాయుడూ," అన్నాను, "ఇది క్రయం కాగితం కాదయ్యా. కౌలు కాగితం. రెండేళ్ళ కౌలు. వంద మార్లు తిరగ రాసుకున్నా కౌలు కౌలే, దానంతటది క్రయం కాదు."

నాయుడి ముఖం ఎర్రబడింది. "ఏటమ్మా నువ్వు, నా ఇంట్లో భోంచేసి నాకే అడ్డుపుల్లలేత్తన్నావ్? రెన్యువలుందని వీసా ఏజెంటు సెప్పినాడు. నాను తొమ్మిదేళ్ళు రెన్యువలు సేయించుకుని పర్మినెంటయినోడ్ని!"

"మరి రమణమ్మవీ, పాపవీ?"

"ఆళ్ళవి ఏరేగా పెట్టుకోవాలన్నాడు. నాను జాయినయితే వచ్చేత్తాయి కదా, క్వార్టరు వచ్చినట్టు."

ఏజెంటు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు! చెప్పిన ప్రతి మాటనీ వీళ్ళు ఉక్కునగరం లెక్కలో విన్నారు. ఇక్కడ ఉద్యోగం వెనకాల అన్నీ వస్తాయి. అక్కడ ఉద్యోగం ఎంత పర్మినెంటైనా, ఆ మనిషి ఆ దేశంలో ఉండొచ్చా లేదా అనేది వేరే కాగితం చెబుతుందని వీళ్ళకి తట్టలేదు.

మూలన కూర్చున్న జానకి అప్పుడు లేచింది. పర్సులోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టింది. దాని మీద పర్మినెంట్ రెసిడెంట్ అని స్పష్టంగా ఉంది. గడువు తేదీ కూడా ఉంది. నేను ఆ అమ్మాయి ముఖంలోకి చూశాను.

"ఆ తేదీ కార్డుకండి, నాకు కాదు" అంది మెల్లగా. "కార్డు పాతబడితే కొత్తది ఇస్తారండి. నేను ఏ పనైనా చేసుకోవచ్చు, పని పోయినా నన్ను పొమ్మనరు. ఐదేళ్ళలో రెండేళ్ళు అక్కడ ఉండాలి, అంతేనండి. ఓటుండదు, పాస్‌పోర్టు మనదే."

నాయుడు కార్డు వైపు, తన కాగితం వైపు చూశాడు. "మరి నాది?" అన్నాడు.

"మీ కాయితం మీద తేదీ మీకేనండి బాబాయ్‌గారూ."

జానకి గబగబా, "నేనూ ముందు అలాంటి దాని మీదే వెళ్ళానండి. అది దీనిగా మారలేదు. ఇంకో దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి, మార్కులు చాలక మళ్ళీ రాసి, అప్పుడు వచ్చింది, నాలుగేళ్ళ కిందట. మీకూ రావచ్చండి, రాకపోవచ్చండి. అది తెలిసి వెళ్తే తప్పులేదు" అంది.

"ముందే సెప్పకూడదేటే?" అని రమణమ్మ ఏడుపు గొంతుతో అరిచింది.

"నెల కిందట ఫోనులో చెప్పానండి. నీది కాంట్రాక్టు కదే, నీకేం తెలుసు అన్నారు."

రమణమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. శ్రావణి వచ్చి తండ్రి చేతిలోంచి కాగితం తీసుకుంది. ఒక పేజీ చూసింది, రెండో పేజీ చూసింది, వెనక్కి తిప్పి తెల్లటి వైపు కూడా చూసింది. "నాన్నా, నా పేరు ఎక్కడుంది?" అంది.

నాయుడు చెప్పులేసుకుని బయటికి వెళ్ళి, షిఫ్టు బస్సు ఆగే చోట సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. హల్వా పెట్టెలు నలభై నలభైగానే ఉండిపోయాయి. పరాయి ఇంట్లో శుభకార్యం చెడగొట్టానని నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు, ఏడ్చాను.

సోమవారం, ఆఫీసు మెట్లు

పొద్దున్నే నాయుడు గడ్డం గీసుకుని, తెల్లకాగితాలు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "అప్పా, రాయి" అన్నాడు. అంతవరకు నన్ను అమ్మా అనేవాడు.

ఆమోదం సంతకం పడేదాకా రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ సంతకం ఏ నిమిషాన పడుతుందో తెలియదు. ప్లాంటు ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ఒళ్ళో పర్సు పెట్టుకుని రాశాను. పరుగు పరుగున గుమాస్తా దగ్గరికి వెళ్తే, ఆయన బీరువా వైపు చూసి, "మధ్యాహ్నం సంతకానికి వెళ్ళే కట్టలో ఉంది. ఇంకా ఇక్కడే ఉందిలెండి" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

ఆయన నా రాత చదివాడు. 'అనివార్యమైన కుటుంబ కారణముల వలన' అని మొదలుపెట్టి మూడు వాక్యాలు బ్రహ్మాండంగా రాశాను. "ఇది అందరూ రాసేదేనమ్మా. అసలు కారణం రాయండి, పైన అడుగుతారు" అన్నాడు.

నేను పెన్ను తీసేలోపు నాయుడు అందుకున్నాడు. నా మూడు వాక్యాలూ కొట్టేశాడు. వెల్డింగు చేసే ఆ మొద్దు వేళ్ళతో, ఒక్కో అక్షరం ఒత్తి పట్టి రాశాడు: 'అందులో మా పాప పేరు లేదు.'

గుమాస్తా ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. ముద్ర కొట్టి, ఆ కాగితాన్ని ఫైలు పైన పెట్టుకుని తనే లోపలికి తీసుకెళ్ళాడు. మేము బెంచీ మీద కూర్చున్నాం. ముప్పై ఏళ్ళలో నేను ఎన్ని వేల దస్తావేజులు రాశానో, అంత పొట్టి వాక్యం ఒక్కటీ రాయలేదు. మూడు గంటలప్పుడు ఆయన బయటికి వచ్చి, "రేపు బి-షిఫ్టుకి వచ్చెయ్యి నాయుడూ" అన్నాడు.

తిరుగు రైలు

మేము ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో గ్రైండరు ఉంది. జానకి వాళ్ళ నాన్న మోసుకొచ్చి దింపాడట. బీరువా మాత్రం ఇంకా పైనింట్లోనే ఉంది. వాళ్ళు అందులో బట్టలు సర్దేసుకున్నారు, అడగడానికి రమణమ్మకి మొహమాటం. స్కూలు వాళ్ళు టీసీ తిరిగి తీసుకుంటామన్నారని శ్రావణి చెప్పింది. చెబుతూ ముఖం తిప్పుకుంది. ఆ పిల్లకి ఆ చలి ఊరి మీద ఆశ చావలేదు, నాకు తెలుసు.

రమణమ్మ హల్వా పెట్టెల ముందు కాసేపు నిలబడింది. తర్వాత చెంగు నడుముకి దోపుకుని, "జానకీ, రాయే!" అని కేకేసింది. ఇద్దరూ ఇంటింటికీ తిరిగారు. నేను వెనకాల పెట్టెలు మోశాను. ప్రతి గుమ్మం ముందూ రమణమ్మ ఒకటే మాట. "జానకి పర్మినెంటయింది. స్వీటు తీసుకోండి. నాలుగేళ్ళు ఆలీసమైంది, తప్పు మాదే." తలుపు తీసిన ప్రతివాళ్ళూ నివ్వెరపోయి చూడడమే. నాలుగో ఇంటి దగ్గరికి వచ్చేసరికి జానకి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఒక పెట్టె నాకిచ్చి రైలెక్కించారు. దువ్వాడ దాటాక విప్పి, ఎదురు సీట్లో ఉన్న ఆమెకి పెట్టాను. "ఏం విశేషమండీ?" అంది.

"ఇద్దరు పర్మినెంటయినారమ్మా," అన్నాను. "ఒకమ్మాయి కెనడాలో, ఒకాయన ఉన్నచోటనే."